దూలాలకు పట్టిన లేపనం

ఆ రోజు రాణిగారి మట్టె రాజుగారి మడమలో దొరికింది.

నాలుగు రోజులుగా దానికోసం కోటంతా గాలించారు. పరుపులు దులిపారు, గాదెలు తిరగేశారు. తీరా చూస్తే వీరకేసరి మహారాజుగారి కుడి మడమ పగుల్లో ఇరుక్కుని తళతళా మెరుస్తోంది!

"ఈ పగుళ్ళు మూసుకునేదాకా మేం నేల మీద కాలు పెట్టం!" అని రాజుగారు ఒట్టేసుకున్నారు. ఇక చూస్కోండి, సభకీ పల్లకీయే, స్నానానికీ పల్లకీయే. వంటింటి గుమ్మంలో పల్లకీ పట్టక, భోజనాలు పెరట్లోనే.

రోజూ రాజుగారికి ఒళ్ళు పట్టే గవరయ్యకి పాపం పల్లకీ మోసే బోయీలను చూస్తే జాలేసింది. ఇంటికెళ్ళి, వాళ్ళమ్మ చేసినట్టే నువ్వుల నూనెలో తేనెమైనం కరిగించి, మరువం తైలం, నిమ్మగడ్డి తైలం కలిపి, ఇత్తడి భరిణెకెత్తి, రాజుగారి మంచం పక్కన పెట్టొచ్చాడు. మూడు రోజులు రాసుకున్నారో లేదో, మడమలు వెన్నముద్దలైపోయాయి!

రాజుగారు గంతులేసుకుంటూ సభకొచ్చారు.

"ఈ భరిణె ఎవరిదయ్యా?"

గవరయ్య నోరు తెరిచేలోగా ఆస్థాన వైద్యుడు త్రిలోచన పండితుడు లేచాడు. ఆయన సభలోకి వస్తుంటే ముందు తలపాగా వచ్చేది, కాసేపటికి ఆయనొచ్చేవాడు.

"నాదే ప్రభూ! హిమాలయాల్లో పన్నెండేళ్ళు ఒంటికాలి మీద నిలబడి కనిపెట్టాను."

"కాదు ప్రభూ, అది నేను చేశాను," అన్నాడు గవరయ్య.

రాజుగారికి చిర్రెత్తుకొచ్చింది. "మీలో అబద్ధమాడినవాడు ఏడాదిపాటు పట్టపుటేనుగు నాలుగు కాళ్ళకీ లేపనం రాయాలి!"

ఆ ఏనుగుకి అరికాళ్ళలో చక్కిలిగింత. కిందటి నెల మావటి కాలు ముట్టుకుంటే, అతన్ని విసిరి చింతచెట్టెక్కించింది. మరి పండితుడి మాట ముందు ఒళ్ళు పట్టేవాడి మాట నిలుస్తుందా? గవరయ్య క్షణం ఆలోచించి, చేతులు జోడించాడు.

"ప్రభూ, పండితులవారిని ఒక్క సందేహం తీర్చమనండి. మైనం పొయ్యి మీద కుతకుతా ఉడికేటప్పుడు తైలాలు కుడిచేత్తో పోయాలా, ఎడంచేత్తో పోయాలా అయ్యగారూ?"

పండితుడు పకపకా నవ్వాడు. "ఆమాత్రం తెలీదుట్రా? కుడిచేత్తో! తూర్పుకి తిరిగి! అదీ బాగా పొంగుతున్నప్పుడు!"

"అయితే ఓసారి చేసి చూపించండి. కళ్ళారా చూసి తరిస్తాం."

పొయ్యి వచ్చింది, మూకుడు వచ్చింది. పండితుడు తూర్పుకి తిరిగి, సలసలా మసిలే మైనంలో తైలాలు గుమ్మరించాడు.

చుయ్యిమంది!

ఆవిరి గుప్పున లేచింది. ఘుమఘుమలకి సభ ఊగిపోయింది. మంత్రిగారు వరసగా పదకొండు తుమ్ములు తుమ్మారు. సేనాపతిగారికి పెళ్ళినాటి జలుబు వదిలింది.

మూకుడు చల్లారాక రాజుగారు అందులో ముక్కు పెట్టారు. ఉత్త మైనం వాసన. తర్వాత గవరయ్య భరిణెలో ముక్కు పెట్టారు. మరువం మడిలో కూర్చున్నట్టుంది!

"ఇందులో ఘుమఘుమ ఏదయ్యా పండితా?"

పండితుడు తలపాగా సర్దుకున్నాడు.

"అయ్యగారినేం అడుగుతారు ప్రభూ?" అన్నాడు గవరయ్య. "మా ఇంట్లో అయితే పొయ్యి మీంచి దించి, గిన్నె చేత్తో పట్టుకునేంత చల్లారాకే తైలాలు కలుపుతాం. మసిలేదాంట్లో పోస్తే అవి మడమల దాకా వస్తాయా?" అంటూ పైకప్పు వైపు వేలు చూపించాడు.

"మందంతా దూలాలకు పట్టేసింది ప్రభూ! ఇక వెయ్యేళ్ళదాకా వాటికి పగుళ్ళు రావు!"

సభ ఘొల్లుమంది. రాజుగారు నవ్వీ నవ్వీ సింహాసనం మీంచి జారి, కొత్త మడమల మీద నిలబడ్డారు. చేతి బంగారు కడియం తీసి గవరయ్యకి తొడిగారు.

బయట ఏనుగు అప్పుడే ముందుకాలు ఎత్తింది. పండితుడు భరిణె పట్టుకుని అటు నడిచాడు. వెనకనుంచి గవరయ్య కేకేశాడు.

"కుడిచేత్తో రాయండి అయ్యగారూ! తూర్పుకి తిరిగి!"