తుమ్మిపువ్వు రాలని ఉదయం

విజయనగరంలో తన చెవికి సాటి వచ్చే చెవి లేదని భానోజీ కనబడ్డవాళ్లందరికీ చెప్పేవాడు. ఎవరింట్లో పోపు పడినా అది ఏ స్వరంలో చిటపటలాడిందో చెప్పేస్తానని, దోమ వాలకముందే దాని శ్రుతి పట్టేస్తానని కోతలు కోసేవాడు. ఒకనాడు పెరట్లో తోటి శిష్యుల ముందు నిలబడి ఇవే కోతలు కోస్తుంటే, వెనకనుంచి గురుపత్ని శేషమ్మగారు, "ఒరే భానోజీ, నీ వెనక అప్పడాలు ఆరబెట్టానురా" అని కేక వేశారు. అతను హాయిగా ఒక అడుగు వెనక్కి వేశాడు. ఆ పూట అందరూ అప్పడాల పొడి తిన్నారు.

కావాలనే తొక్కాడని అందరూ నవ్వారు. భానోజీ కూడా నవ్వాడు. వానలు మొదలైనప్పటి నుంచి తన చెవులు మూసుకుపోతున్నాయని అతనికొక్కడికే తెలుసు. నరహరి పంతులుగారి దగ్గర పాట కట్టడం నేర్చుకోవాలని ఇల్లు వదిలి వచ్చినవాడు. సంగతి బయటపడితే మూట సర్దుకోవాల్సిందేనని అతని భయం. మనిషి అల్లరి చేస్తున్నంతసేపూ వాడికి వినబడిందా లేదా అని ఎవరూ ఆరా తీయరు. అందుకని అల్లరి రెట్టింపు చేశాడు.

పంతులుగారికి కొన్ని అలవాట్లుండేవి. ఎవరు మాట్లాడినా ఎదురుగా నిలబడి, నోట్లో తాంబూలం లేకుండా, ఒక్కొక్కరే మాట్లాడాలి. పొద్దున్నే ఒక చెక్కబల్ల మీద ఆయన వీణ, దాని పక్కనే శిష్యుడి వీణ పెట్టించేవారు. ఆయన వీణకి శేషమ్మగారే శ్రుతి పెట్టి ఉంచేవారు. దాని తీగ మీద ఆయన ఒక తుమ్మిపువ్వు నిలిపి, దానికేసే చూస్తూ కూర్చునేవారు. శిష్యుడు తన తీగ బిగిస్తూ మీటుతూ ఉంటే, శ్రుతి కలిసిన క్షణాన పక్క వీణ తీగ తనంతట తాను వణికి పువ్వు ఎగిరిపడేది. "కలిసింది" అనేవారు పంతులుగారు. అమ్మవారు మెచ్చి పువ్వు రాల్చిందని శిష్యులు కళ్లకద్దుకునేవారు. ఊళ్లో కొందరు పాటగాళ్లు కూడా చూసి, తమ వీణలకీ పూలు పెట్టుకోవడం మొదలుపెట్టారు. వాళ్లు మరీ భక్తిగా దండలే వేసేవారు.

భానోజీ శ్రుతి పెడితే ఈమధ్య పువ్వు రాలడం లేదు. తోటి శిష్యుడు తమ్మన్న శ్రుతి పెడితే చిటికెలో రాలుతోంది. అమ్మవారికి ఈ పక్షపాతం ఏమిటని, ఆ ఉదయం భానోజీ గురువుగారి వీణ తీగ మీద పువ్వు నిలిపే చోట చిటికెడు వేపజిగురు అంటించి, ఏమీ ఎరగనట్టు వచ్చి ఆయనకి ఎదురుగా నిలబడ్డాడు.

"గురువుగారూ, మా పెదనాన్నగారి అబ్బాయి గోడల మీద బొమ్మలు వేస్తాడండి. జ్వరం వచ్చి చెవులు పోయాయి. ఆ తరవాత వాడు వేసిన నెమలిని చూడ్డానికి పొరుగూళ్ల నుంచి వస్తున్నారు. బొమ్మలు వేసేవాడికి సరే, పాట కట్టేవాడికి చెవులు పోతే ఏమిటండీ గతి?"

పంతులుగారు అతని మొహంలోకి చాలాసేపు చూశారు. "తమ్మన్న శ్రుతి పెడుతున్నాడు. వచ్చి కూర్చో" అని మాత్రం అన్నారు.

తమ్మన్న బిరడా తిప్పుతూ తీగ మీటాడు. కాసేపటికి అతని మొహం విచ్చుకుంది. మిగతా శిష్యుల తలలు ఊగాయి. పంతులుగారు పువ్వునే చూస్తూ, "కలవలేదు. బిగించు" అన్నారు.

తమ్మన్న తెల్లబోయి, బిగించాడు.

"ఇంకా లేదు."

శిష్యులు ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నారు. ఒకడు పళ్లు కరుచుకున్నాడు, ఇంకొకడు చెవులు మూసుకున్నాడు. గురువుగారి మాట దాటలేక తమ్మన్న మరొక్క తిప్పు తిప్పాడు. తీగ తెగింది. బల్లకి మోకాలు ఆనించి కూర్చున్న భానోజీకి ఆ దెబ్బ ఎముకలో తగిలింది.

పంతులుగారు పువ్వు మీంచి చూపు తిప్పలేదు.

"ఇంకొంచెం బిగించు" అన్నారు.

తమ్మన్న తెగిన తీగ కొస పట్టుకుని నోరు తెరిచి అలాగే ఉండిపోయాడు. వంటింట్లోంచి శేషమ్మగారు గబగబా వచ్చి భర్త భుజం మీద చెయ్యి వేశారు. అప్పుడాయన తలెత్తి, ముందు శిష్యుల మొహాలు, తరవాత తీగ చూశారు. పువ్వు తీయబోతే వేలికి జిగురు అంటింది. దాన్ని ఉత్తరీయానికి తుడుచుకున్నారు.

"మా అమ్మాయి పుట్టేనాటికే నా చెవులు పోయాయర్రా" అన్నారు.

ఊళ్లో పసిపిల్ల ఉన్న ప్రతి ఇంట్లోనూ పాడే ఊయల పాట ఈయన కట్టిందే. అది ఆ అమ్మాయి కోసమే కట్టారని అందరికీ తెలుసు.

"మరి ఆ పాట, గురువుగారూ?" అన్నాడు తమ్మన్న.

"బాగుంటుందిట కదా. మా ఆవిడ చెప్పింది." ఆయన కాస్త ఆగారు. "చెవులున్న రోజుల్లో నేను ఏ పాట కట్టినా మా గురువుగారి పాటలాగే వచ్చేది. ఇది అలా రాలేదుట. దాని ఖరీదు మాత్రం మా పిల్ల గొంతు. అదెలా ఉంటుందో నాకు తెలీదు."

శేషమ్మగారు మొహం పక్కకి తిప్పుకున్నారు.

భానోజీ లేచి, గురువుగారి కళ్లకి తన పెదవులు కనబడేలా ఎదురుగా వచ్చి మోకాళ్ల మీద కూర్చున్నాడు. జీవితంలో మొదటిసారి అతనికి హాస్యమేదీ తోచలేదు.

"జిగురు పెట్టింది నేనేనండి" అన్నాడు. "పువ్వు రాలదని తెలిసినవాణ్ణి నేనొక్కణ్ణే. అయినా మీరు కలవలేదు అంటే, కలవలేదేమో అనే అనుకున్నాను. కలిసిందని వీళ్ల మొహాలు చూసి తెలుసుకున్నాను. నాకూ వినబడలేదండి."

తమ్మన్న చేతిలోంచి తీగ జారిపోయింది.

పంతులుగారు వీణ తీగని ఉత్తరీయం కొసతో శుభ్రంగా తుడిచి, మీటి, అది వణకడం కళ్లతో చూసుకున్నారు.

"రేపటి నుంచి పువ్వులు నువ్వు కోసుకురా" అన్నారు. "చిన్నవి చూసి కొయ్యి. పెద్దవి ఆలస్యంగా వింటాయి."