పంపు కడిగిన నీళ్ళు

అనగనగా ఒక అడవిలో, వాగు గట్టున, జూలయ్య అనే ఎలుగుబంటి ఉండేవాడు, పిల్లలూ. అతనికి బత్తాయి తోట ఉంది. వాగులో మురిపెం అనే నీటికుక్క చేపలు పట్టుకుని బతికేది. పొద్దుగూకే వేళ ఇద్దరూ గట్టు మీద కూర్చుని కబుర్లు చెప్పుకునేవాళ్ళు. జూలయ్యకి ఇంకెవరూ లేరు.

ఒక ఏడు తోటకి పురుగు పట్టింది. జూలయ్య మందు కొట్టాడు. కొట్టిన ప్రతిసారీ ఆ మందు పంపు వాగులోనే కడిగేవాడు.

"అన్నా, నీళ్ళు కంపు కొడుతున్నాయి. పంపు వేరేచోట కడుక్కో," అంది మురిపెం.

"కాసిని నీళ్ళే కదమ్మా! వాగు ఎంత పెద్దదీ!" అన్నాడు జూలయ్య.

చేపలు చచ్చి తేలాయి. కప్పలు పోయాయి. చివరికి మురిపెం చిన్నబిడ్డ చచ్చిపోయింది. మురిపెం మిగిలిన పిల్లల్ని వెంటబెట్టుకుని ఎగువ చెరువుకి వెళ్ళిపోయింది.

ఆ ఏడు తోట విరగకాసింది. జూలయ్య ఒక పండు ఒలిచాడు. సగం ఇద్దామంటే పక్కన ఎవరూ లేరు. తినబుద్ధి కాలేదు.

ఎరువుకుప్పలో ఉన్న వానపాము దగ్గరికి వెళ్ళాడు. "ఈ విషపు నీళ్ళు ఎక్కడ పొయ్యను?" అని అడిగాడు.

"గడ్డీ, పేడా, మట్టీ కలిసి మాగినచోట కంటికి కనబడని జీవులుంటాయి. విషాన్ని మెల్లగా తినేస్తాయి. ఒక్కసారే కుమ్మరించావో, అవీ చస్తాయి," అంది వానపాము.

జూలయ్య గొయ్యి తవ్వాడు. అడుగున బంకమట్టి మెత్తాడు. గడ్డి, మట్టి, మాగిన పేడ కలిపి నింపాడు. పంపు కడిగిన నీళ్ళు అందులో కొంచెం కొంచెంగా పోశాడు. వాగులోకి ఒక్క చుక్క పోనివ్వలేదు.

వానలు వచ్చి వెళ్ళాయి. వాగు తేటపడింది. జూలయ్య ఎగువ చెరువుకి నడిచాడు.

"తప్పు నాదే చెల్లీ. నీళ్ళు బాగుపడ్డాయి. వచ్చేయమ్మా."

"నీ మీద కోపం లేదన్నా. ఆ వాగు చూస్తే నా బిడ్డే గుర్తొస్తుంది. రాలేను," అంది మురిపెం.

జూలయ్య ఒక్కడే తిరిగొచ్చాడు. అయినా గోతిలో పోయడం మానలేదు.

ఒకరోజు ఎక్కడినుంచో ఒక బాతు పిల్లలతో వచ్చింది. వాగులో దిగబోయి ఆగింది. "అయ్యా, ఈ నీళ్ళు మంచివేనా?" అని అడిగింది.

జూలయ్య గట్టు దిగి, వంగి, కడుపునిండా తాగాడు.

"తొందరపడకమ్మా," అన్నాడు. "రేపటిదాకా నన్ను చూడు. బాగుంటేనే పిల్లల్ని దించు."

నీతి: పాడుచేసిన నీళ్ళు కష్టపడితే బాగవుతాయి, పోయిన ప్రాణం తిరిగి రాదు. మన విషాన్ని మన గడప దాటకముందే మనమే ఆపుకోవాలి.