తాబేలుని నాకిన గేదె

అనగనగా... ఊఁ కొట్టవేం? ఊఁ కొట్టకపోతే ఇక్కడే ఆపేస్తాను చూడు. ఆఁ, అలాగ. అనగనగా ఒక కాలవొడ్డు ఊళ్ళో ముగ్గురు స్నేహితులు ఉండేవాళ్ళు. ఒక గేదె, ఒక గోరింక, ఒక తాబేలు.

గేదె పేరు వెన్నెల. కాటుకంత నలుపు, అయినా దాన్ని పెంచుకునే పుల్లమ్మ ముద్దుగా ఆ పేరే పెట్టుకుంది. నవ్వకు, ఇంత అల్లరి చేసే నిన్ను మేం బంగారం అనట్లేదూ? గోరింక పేరు చిట్టెమ్మ. తాబేలు పేరు తాతబ్బాయి.

వెన్నెలకి ఎవరి మీదైనా ప్రేమ పుట్టిందంటే నాకేస్తుంది. దూడని నాకినట్టు అందర్నీ నాకుతుంది. చిట్టెమ్మకి ప్రేమ పుడితే తిడుతుంది. వెన్నెల చెవిలో పిడుదులు ఏరిపెడుతూ, "ఇన్ని పురుగులు పెట్టుకుని ఎలా తిరుగుతున్నావే మొద్దూ" అని ఒకటే సణుగుడు. ఇక తాతబ్బాయి ఉన్నాడే, ఆయన నాకడు, తిట్టడు. ఎవరైనా దగ్గరికొస్తే తల డిప్పలోకి లాగేసుకుంటాడు. రోజుకి ఒక మాట మాట్లాడితే గొప్ప. ఈయనకి మనమంటే ఇష్టమో కాదో అని మిగతా ఇద్దరికీ ఎప్పుడూ అనుమానమే.

ఎండాకాలం వచ్చింది. ఏటా కట్టేసినట్టే కాలవకి నీళ్ళు కట్టేశారు. వంతెన కింద మాత్రం మోకాల్లోతు మడుగు మిగిలింది. తాతబ్బాయి అందులో ఉండేవాడు. పుల్లమ్మ పొద్దున్నే వెన్నెలని అక్కడికి తోలుకొచ్చి, ఒళ్ళు కడిగి, ఎండెక్కకముందే ఇంటికి తీసుకుపోయేది.

ఒకరోజు తాతబ్బాయి మడుగు పక్కన మట్టిలో కూర్చున్నాడు. వెన్నెలకి ముద్దొచ్చాడు. అప్పుడు ఏం చేసిందీ? ఒకసారి నాకింది. తాతబ్బాయి పక్కకి ఒరిగాడు. రెండోసారి నాకింది. డిప్ప ఒకవైపు పైకి లేచింది. మూడోసారి గట్టిగా నాకేసరికి అమాంతం వెల్లకిలా పడ్డాడు! నాలుగు కాళ్ళూ గాల్లో కొట్టుకుంటున్నాయి. వెన్నెల అది చూసి, ఇన్నాళ్ళకి తాతబ్బాయి ఆటలాడుతున్నాడనుకుని మురిసిపోయింది. ఇంతలో పుల్లమ్మ "హెయ్, హెయ్" అంటూ ఇంటికి తోలుకుపోయింది.

వెల్లకిలా పడ్డ తాతబ్బాయి ఎంత తన్నుకున్నా తిరగలేకపోయాడు. అంతలో ఎండెక్కింది, రోళ్ళు పగిలే ఎండ. పాపం, పొట్ట కాలిపోతోంది.

అప్పుడు చిట్టెమ్మ వచ్చింది. ముక్కుతో తోసింది, కదల్లేదు. పుల్ల తెచ్చి కింద పెట్టి ఎత్తబోయింది, పుల్ల విరిగింది. రెక్కలు చాచి నీడ పట్టింది. ఆ రెక్కలెంత, ఆ నీడెంత! కాసేపటికి తాతబ్బాయి కాళ్ళు ఆడించడం మానేశాడు.

చిట్టెమ్మ ఒక్క ఉదుటున పుల్లమ్మ ఇంటి పాకకి ఎగిరింది. "ఒసే మొద్దూ! ఇది నీ నాకుడు పనే! నువ్వు తిరగేసి పోయావు, అక్కడ తాతబ్బాయి చచ్చిపోతున్నాడే!" అని అరిచింది. వెన్నెల తల విదిలించి ఒక్క లాగు లాగింది. కట్టుగొయ్య పలుపుతో సహా ఊడొచ్చింది. పుల్లమ్మ కర్ర పట్టుకుని వెంటపడినా ఆగలేదు.

తీరా అక్కడికెళ్ళాక ముట్టుకోనంటుంది! "నేను నాకబట్టే కదా ఇలా అయ్యాడు. నా నాలుక పడిపోనూ" అని ఏడుపు.

"ఏడుపు తర్వాత ఏడుద్దువుగానీ, ముందు నాకవే!" అని చిట్టెమ్మ నెత్తి మీద పొడిచింది.

అప్పుడు వెన్నెల డిప్ప అంచు కింద నాలుక పెట్టి ఎత్తింది. ఒకసారి ఎత్తింది, రెండుసార్లు ఎత్తింది. మూడోసారికి తాతబ్బాయి దభీమని బోర్లా పడ్డాడు. మెల్లిగా పాక్కుంటూ మడుగులోకి జారిపోయాడు. హమ్మయ్య, బతికాడు.

మరి చిట్టెమ్మ నోరు ఊరుకుంటుందా? భయం పోగానే కోపం వచ్చింది. "నీ ప్రేమ తగలెయ్య! ఇంకోసారి ఆయన జోలికి వెళ్ళావంటే చూడు!" అనేసింది. ఆ మాట వెన్నెల మనసులో ముల్లులా దిగింది.

మర్నాడు వెన్నెల మడుగుకి దూరంగా నిలబడింది. ఆ మర్నాడూ అంతే. గడ్డి ముట్టలేదు, పాలు తగ్గాయి. దిష్టి తగిలిందేమోనని పుల్లమ్మ ఉప్పూ మిరపకాయలూ దిగదుడిచింది. వెన్నెలని అంత మాట అన్నందుకు చిట్టెమ్మకీ లోపల బాధే. కానీ ఆవిడ నోటికి మంచిమాట ఎక్కడొచ్చును? పిడుదులు ఏరుతూ కూర్చుంది, ఒక్క తిట్టు తిట్టలేదు.

మూడోరోజు తాతబ్బాయి మడుగులోంచి బయటికొచ్చాడు. ఎండిన మట్టిలో అడుగులో అడుగేసుకుంటూ వెన్నెల కాళ్ళ దగ్గరికి వచ్చాడు. వెన్నెల భయపడి వెనక్కి జరిగింది. ఆయన ఇంకో నాలుగడుగులు వేశాడు. అప్పుడు, ఎన్నడూ లేనిది, మెడంతా డిప్పలోంచి బయటికి చాచి పైకెత్తాడు. ముడతలు పడ్డ మెత్తటి మెడ. అంతవరకూ దాన్ని ఎవరూ చూడనేలేదు.

"మూడ్రోజులైందే వెన్నెలా," అన్నాడు. "నన్నెవరూ నాకట్లేదు."

వెన్నెల కళ్ళమ్మట నీళ్ళు బొటబొటా కారాయి. వంగి, నాలుక కొసతో, ఒక్కసారి నాకింది.

"మెల్లిగానే మొద్దూ! ఇంకా మెల్లిగా!" అని చిట్టెమ్మ మళ్ళీ తిట్లు మొదలుపెట్టింది. తాతబ్బాయి మాత్రం తల లోపలికి లాక్కోలేదు.

కథేమో కంచికి,
గేదేమో పాకకి,
గోరింక గూటికి,
నువ్వూ నేనూ నిద్రకి!