మల్లమాంబ మాట మల్లమాంబ నోట

ఒకానొక రాజ్యంలో నాలాంటివాడికి కూడా కొలువు దొరికింది. ఆ రాజ్యం ఎంత చల్లగా ఉండేదో దీన్నిబట్టి మీరే ఊహించుకోండి. దాని పేరు కుందవరం, ప్రభువు ధవళేంద్రుడు. నా పేరు చెంగప్ప. ప్రభువుల వారిని నవ్వించడం నా ఉద్యోగం. నా కవిత్వం విని ఎవరూ నవ్వేవారు కాదు, నన్ను చూసి నవ్వేవారు. ఎలాగైతేనేం, జీతం ముడుతోంది కదా అని ఊరుకునేవాణ్ణి.

ధవళేంద్రుడు మంచివాడే. కాకపోతే తన చూపు మీద ఆయనకు అంతులేని నమ్మకం. మనిషిని ఒక్కసారి చూస్తే కడుపులో ఉన్నదంతా తెలిసిపోతుందనేవాడు. తన రాజ్యంలో కంటతడి పెట్టే ముసలివాళ్ళే లేరని కూడా అంటూ ఉండేవాడు. ఎలా తెలుసునంటే, తానే అడిగానని, అందరూ బాగున్నామన్నారని జవాబు.

ఒకనాడు గజశాల అధికారి కోనప నాయకుడు తన తల్లి మల్లమాంబకు పట్టుచీర కట్టించి సభకు తీసుకువచ్చాడు. ఏటి ఒడ్డున ఆమెకు పుట్టింటివారిచ్చిన నిమ్మతోట ఉంది. అమ్మకు మతిమరుపు వచ్చిందని, తోట చూసుకోలేకపోతోందని, దాన్ని తనకు ఇప్పిస్తే ఆమెను పువ్వులా చూసుకుంటానని విన్నవించాడు.

బాగున్నావా అమ్మా అని ప్రభువు అడిగాడు. ఆమె ముందు కొడుకు ముఖం చూసింది, తర్వాత బాగున్నానంది. తోట ఇవ్వడం నీకు ఇష్టమేనా అంటే, ఇష్టమేనని కొడుకు చెప్పాడు. ప్రభువు తృప్తిగా తల ఊపి, మధ్యాహ్నం విందు కాగానే తోట సంగతి చాటింపు వేయిద్దామని, కోనపకు ‘మాతృసేవా ధురంధర’ బిరుదు కూడా ఇద్దామని సెలవిచ్చాడు. సభంతా భేష్ అంది.

నేను మేధావిని కాను. అయితే తిండి దగ్గర మాత్రం నా కళ్ళు చురుకైనవి. ఫలహారాలు పంచుతుంటే ఎవరికి పెద్దది వెళ్ళిందో చూడటం నాకు పుట్టుకతో వచ్చిన విద్య. అలా చూస్తూ ఉంటే, మల్లమాంబ అరిసె సగం గబగబా తిని, కొడుకు అటు తిరగగానే మిగతా సగం కొంగున ముడివేసుకుంది. అప్పుడు గాజులు పైకి జరిగాయి. మణికట్టు చుట్టూ ఎవరో పట్టి నులిమినట్టు కమిలి ఉంది. కోనప ఎవరినో పిలవడానికి చెయ్యెత్తితే ఆమె ఉలిక్కిపడి తల దించేసుకుంది. ఒంటి మీది రవిక మరొకరికి కూడా చోటున్నంత వదులుగా ఉంది.

లేచి చెప్పేంత ధైర్యం లేదు. కోనప ఏనుగుల్ని లొంగదీసేవాడు, నేను వీధి కుక్క మొరిగితే ఇంకో వీధిన పోయేవాణ్ణి. పైగా నేను నోరు జారితే, ఇంటికి వెళ్ళాక ఆమె గతి ఏమిటి? అందుకని ప్రభువుతో పందెం వేశాను. కోనప తల్లిని చూసుకున్నట్టే విందులో నేను ప్రభువుల వారిని చూసుకుంటాను. విందు ముగిసేదాకా వారికి కోపం రాకపోతే నా మీసం తీసేసి ఊరొదిలి పోతాను. నాకు మీసం ఉందని చాలామందికి తెలియదు, అయినా పందానికి ఏదో ఒకటి ఒడ్డాలి కదా. తాను ఓడితే నేనడిగింది చేస్తానని ప్రభువు సరదాగా ఒప్పుకున్నాడు.

విస్తళ్ళు వేశారు. ప్రభువు పక్కనే కూర్చున్నాను. వడ్డించేవాడు పులిహోర తెచ్చి ప్రభువును అడిగాడు.

“వారికి వద్దు నాయనా, ఈ వయసులో అరగదు” అన్నాను.

ప్రభువు నవ్వాడు. గారెలు వచ్చాయి. వద్దన్నాను. ఆయన చెయ్యి చాస్తే ఆ చెయ్యి మెల్లగా పట్టుకుని ఒళ్ళో పెట్టాను. ఎదుటి వరుసలో ఉన్న పొరుగు రాజ్యపు రాయబారి, ప్రభువుల వారి ఆరోగ్యం ఎలా ఉందని మర్యాదకు అడిగాడు. ఈ మధ్య అంతా మరిచిపోతున్నారని నేను జవాబిచ్చాను.

“నేనేమీ మరిచిపోవడం లేదు” అన్నాడు ప్రభువు.

“చూశారా, ఈ మధ్య విసుగు కూడా ఎక్కువైంది, పాపం” అన్నాను.

రాయబారి ప్రభువును జాలిగా చూసి తల ఊపాడు. ఆ తల ఊపుడు ప్రభువును గారెల కంటే ఎక్కువ బాధపెట్టిందని నాకు తెలిసింది. ఇదే అదననుకుని, కోటలోని తమ సంపెంగతోట నాకు ఇవ్వడానికి ప్రభువుల వారికి పూర్తిగా ఇష్టమేనని సభకు ప్రకటించాను.

ప్రభువు లేచి నిలబడ్డాడు. “నేనింకా బతికే ఉన్నాను. అడగవలసింది నన్ను.”

“మల్లమాంబ గారు కూడా బతికే ఉన్నారు ప్రభూ” అన్నాను.

ప్రభువు మల్లమాంబను చూశాడు. ఆమె కొడుకు ముఖం చూస్తోంది. కోనప ఏదో చెప్పబోతే ప్రభువు చేత్తో ఆపాడు. నేను పందెం సొమ్ముగా అడిగింది ఒక్కటే: ఆమెను రాణిగారి దగ్గరకు పంపండి, ముందు కడుపునిండా తిననివ్వండి, కొడుకు కనబడనిచోట అడగండి, ఆమె సరేననేదాకా ఆ ఇంటికి పంపకండి.

పొద్దు వాలే వేళకు రాణిగారు బయటకు వచ్చారు. వెనకగదిలో పెట్టి గడియ వేయడం, ఒంటిపూట తిండి, తోట ఇవ్వనన్నప్పుడల్లా చెయ్యి మెలిపెట్టడం, మతి చలించిందని చుట్టాలను గుమ్మంలోంచే పంపేయడం, అన్నీ బయటపడ్డాయి. కొడుకును చెరలో వేయమంటావా అని అడిగితే మల్లమాంబ వద్దందట. తన ఇల్లు, తన పొయ్యి, తన తోట తనకు కావాలంది. వాడు తాను పిలిస్తేనే రావాలంది. అక్షరాలా అలాగే జరిగింది. కోనపకు బిరుదు బదులు అడవి సరిహద్దున ఏనుగుల కాపలా దక్కింది.

ఆ రాత్రి ప్రభువు నన్ను పిలిచి, “ఇంత గొప్ప చూపుకి పట్టుచీర ఒక్కటే కనబడిందిరా చెంగప్పా” అని తన మీద తానే పగలబడి నవ్వాడు. ఆయన నన్ను చూసి కాక మరొకరిని చూసి నవ్వడం అదే మొదటిసారి. మెడలోని హారం తీసి నాకు వేశాడు. ముసలివాళ్ళున్న ఇళ్ళకు వెళ్ళి, వాళ్ళతో ఒంటరిగా కూర్చుని మాట్లాడి రావడం ఇకనుంచి నా పని అన్నాడు.

మొదట మల్లమాంబ ఇంటికే వెళ్ళాను. ఆమె నిమ్మకాయలు కోస్తూ మొదలుపెట్టింది. తోట, పుట్టిల్లు, పనివాళ్ళ బద్ధకం, కోనప చిన్నప్పటి అల్లరి, చివరికి నా కవిత్వంలోని తప్పులు. ఏమి మాట్లాడి వచ్చావని ప్రభువు సాయంత్రం అడిగాడు. నాకు వంతు రాలేదని మనవి చేసుకున్నాను.