ఎర్ర చుక్క పక్కనున్న అతుకు

తప్పు ఎక్కడుందో తెలియనప్పుడు వెతకడం ఎక్కడ మొదలుపెట్టాలని ఎస్తేరు ఒక గురువారం ఉదయం మస్తాన్ మాస్టారుని అడిగింది. అడిగినదానికి అప్పటికప్పుడు జవాబు చెప్పడం ఆయనకి అలవాటు లేదు. బల్ల మీదున్న పెట్టెను ఆమె వైపు తిప్పి, శనివారం మధ్యాహ్నానికి ఇది వెళ్ళిపోవాలని మాత్రం చెప్పి తన పనిలో పడ్డారు.

గుంటూరు పాత బస్టాండు వెనక సందులో ఆయన దుకాణం. ఒకప్పుడు వాల్వు రేడియోలు బాగుచేసేవారు. రేడియోలు పోయాక గిటారు వాయించేవాళ్ళ ఆంప్లిఫయర్లు మిగిలాయి. వాటిని అందరూ పెట్టెలనే అంటారు. తాను వేసిన ప్రతి సోల్డరింగు అతుకు పక్కనా గోళ్ళరంగుతో ఒక ఎర్ర చుక్క పెట్టడం ఆయన పద్ధతి. ఈ వయసులో గోళ్ళరంగు ఎవరికి మాస్టారూ అని ఫ్యాన్సీ షాపువాళ్ళు ఆటపట్టిస్తే, పెళ్ళికూతుళ్ళు దుకాణంలో వరసగా కూర్చున్నారు, వచ్చి చూసుకోండి అనేవారు.

ఎస్తేరు డిప్లొమా చదివి, నాలుగేళ్ళు టీవీల సర్వీసు సెంటరులో పనిచేసింది. అక్కడ బోర్డు పాడైతే బోర్డే మార్చేవారు. అందులో ఏది పాడైందని ఎవరూ అడగరు. అది విసుగెత్తి మాస్టారు దగ్గరికి వచ్చి ఎనిమిది నెలలు. ఒక పెట్టెను మొదటినుంచి చివరిదాకా ఆమెకే వదిలేయడం ఇదే మొదటిసారి.

పెట్టె కనకారావుది. తెనాలి ఆర్కెస్ట్రాలో పాతికేళ్ళు గిటారు వాయించిన మనిషి. ఆ ఆర్కెస్ట్రా ఎప్పుడో మూతబడింది. వాళ్ళ గాయని సుగుణమ్మకి వచ్చే వారం గొంతు ఆపరేషను. ఆ తరవాత పాడగలదో లేదో డాక్టర్లు చెప్పలేకపోయారు. అందుకని శనివారం సాయంత్రం అందరూ ఒక్కసారి కలిసి కచేరీ చేద్దామనుకున్నారు. ఆమె పాటకి ఈ పెట్టె తప్ప ఇంకొకటి పనికిరాదని కనకారావు పట్టుదల.

ముందురోజు పెట్టె తెచ్చినప్పుడే ఆయన దుకాణంలో కూర్చుని, మధ్యమధ్య కబుర్లు చెబుతూ మూడు పాటలు వాయించాడు. మూడో పాటలో గరగర మొదలైంది. తీగలు గట్టిగా మీటినప్పుడు ఆ పెట్టె కాస్త బొంగురుపోవడం మామూలే. ఆయనకి ఇష్టమైనదీ ఆ బొంగురే. ఇది వేరు. ఎంత మెల్లగా మీటినా స్వరం వెనక చిరిగిన కాగితం కొట్టుకుంటున్నట్టు వినిపించింది.

"గట్టిగా అడిగితే అరిచే హక్కు దానికుంది. మెల్లగా అడిగినా కసురుకుంటే ఎట్లా అమ్మాయ్?" అన్నాడు కనకారావు.

గరగర వస్తుండగానే ఎస్తేరు గిటారు మార్చి చూసింది, దాన్ని పెట్టెకి కలిపే వైరు మార్చి చూసింది, స్పీకరు కాగితాన్ని వేలితో తడిమింది. అన్నీ బాగానే ఉన్నాయి. గురువారం పెట్టె విప్పి అడుగుభాగం చూసింది. నలభై దాకా అతుకులు, వాటిలో పదకొండింటి పక్కన ఎర్ర చుక్కలు. ఏనాడో మాస్టారు చేసిన పని. చుక్కలేని అతుకులన్నిటినీ ఆమె భూతద్దంతో పరీక్షించింది. చుక్కలున్నవి చూడనక్కర్లేదని అనుకున్నది కూడా కాదు. చూపు దానంతట అదే వాటిని దాటిపోయింది.

సాయంత్రానికి రెండు చిన్న వాల్వులు, నాలుగు కండెన్సర్లు మార్చి గిటారు తగిలించింది. పది నిమిషాలు వాయించినా గరగర లేదు. అప్పటికే మూడుసార్లు ఫోన్ చేసిన కనకారావుకి బాగైపోయిందని చెప్పేసింది.

ఏది పాడైందని మాస్టారు అడిగారు. అన్నీ పాతవే కదా అంది ఎస్తేరు. ఆయన మళ్ళీ అదే అడిగారు. తీసినవాటిని ఒక్కొక్కటే తిరిగి పెట్టమని, ఏది పెట్టినప్పుడు గరగర వస్తే అక్కడ ఆగమని ఆయన చెప్పారు.

బాగైన పెట్టెను చేజేతులా పాడుచేయడమేమిటని ఆమెకి లోపల మండింది. అయినా శుక్రవారం పొద్దున్నే కూర్చుంది. ప్రతిసారీ పెట్టె ఆపాలి, లోపల నిలవున్న కరెంటు దించాలి, ఒక పాత ముక్క పెట్టాలి, అయిదు నిమిషాలు వాయించి చూడాలి. మధ్యలో ఫోను మోగుతూనే ఉంది. సుగుణమ్మ రిహార్సలుకి వచ్చేసిందని ఒకసారి, ఆటో మాట్లాడానని ఇంకోసారి. మాస్టారు జుమ్మా నమాజు నుంచి తిరిగి వచ్చేసరికి ఆరు ముక్కలూ పాత చోట్లలోనే ఉన్నాయి. గరగర మాత్రం రాలేదు.

"రాలేదు మాస్టారూ."

"అయితే నిన్న నువ్వు దేన్ని బాగుచేశావు?"

ఎస్తేరు ఎవరి మీదో తెలియని కోపంతో స్టూలు మీద కూలబడింది. పెట్టె ఆపడానికి కూడా మనసు రాలేదు. ఫోను మోగితే తియ్యలేదు. ఒళ్ళో గిటారు పెట్టుకుని, ఉత్త తీగలే మీటుతూ అరగంట కూర్చుంది. అప్పుడు వచ్చింది గరగర.

అప్పుడు గుర్తొచ్చింది, కనకారావు వాయించినప్పుడు అది మూడో పాటలోనే మొదలైందని. తాను రెండు రోజులుగా ఆ పెట్టెను మూడో పాట దాకా వేడెక్కనివ్వనే లేదు. లేచి, మాస్టారు నేర్పినట్టు షాకు తగిలినా గుండె మీదుగా పోకుండా ఎడమచెయ్యి నడుం వెనక పెట్టుకుని, కుడిచేత్తో వెదురుపుల్ల పట్టుకుని అతుకుల్ని ఒక్కొక్కటే తట్టసాగింది. జంటగా పనిచేసే పెద్ద వాల్వుల్లో రెండోదాని కింద పుల్ల తగలగానే గరగర ఆగింది, పుల్ల తియ్యగానే మళ్ళీ వచ్చింది. పెట్టె ఆపి, కరెంటు దించి, భూతద్దం పెట్టి చూసింది. రెసిస్టరు తీగ అతికినచోట చుట్టూ వెంట్రుకంత చీలిక. పక్కనే ఎర్ర చుక్క.

సోల్డరింగు ఐరన్ వేడిగానే ఉంది. మళ్ళీ అంటించడం ఒక్క నిమిషం పని. ఆయనకి చెప్పనక్కర్లేదు, ఎవరికీ తెలియదు. తలుపు దగ్గర మాస్టారు ఎవరి పాత రేడియోకో ముల్లు తిప్పే కొత్త తాడు వేస్తున్నారు. ఎస్తేరు ఐరన్ అందుకుని, మళ్ళీ స్టాండులో పెట్టేసి, ఆయన్ని పిలిచింది.

ఆయన వచ్చి, కళ్ళజోడు నుదుటి మీంచి దించి, భూతద్దంలోంచి చూశారు.

"నాదే," అన్నారు. "ఆ రోజు వేడి చాలలేదు. నువ్వు సరిగ్గా కాల్చి అంటించు."

శనివారం పదకొండింటికి కనకారావు వచ్చి, పెట్టె ఇంకా విప్పి ఉండగానే వాయించడం మొదలుపెట్టాడు. మూడో పాట దాటింది. నాలుగు, అయిదు. ఎస్తేరు కళ్ళు గోడగడియారానికీ పెద్ద వాల్వుకీ మధ్య తిరుగుతున్నాయి. ఆరో పాటలో ఆయన తీగలు గట్టిగా లాగి కొడితే పెట్టె బొంగురుగా అరిచింది. మెల్లగా మీటితే మెల్లగానే పలికింది. ఇది నా పెట్టే అని లేచి, ఆటో పిలవడానికి వెళ్ళాడు.

ఆమె పెట్టె ఆపి, చల్లారాక, వెనకపలక బిగించడానికి మరలు చేతిలోకి తీసుకుంది. మాస్టారు గోళ్ళరంగు సీసా ఆమె ముందుకి జరిపారు. పాత చుక్క పక్కన ఇంకొకటి పెట్టమన్నట్టు వేలు చూపించారు. ఎస్తేరు సీసా ముట్టుకోలేదు.

"మీ చుక్క ఉందని ఆ అతుకు నేను చూడకుండా వదిలేశాను మాస్టారూ. మొదటిరోజే చూసి ఉంటే..."

మాస్టారు సీసా మూత తానే తీసి, కుంచె ఆమె చేతికిచ్చారు.

"ఎక్కడ మొదలుపెట్టాలని మొన్న అడిగావు కదమ్మా. మరి ఆ చుక్క ఎందుకనుకున్నావు?"