నూటొకటో పాఠం

పూర్వం ఒక రాజధానిలో వైద్యం నేర్పే విద్యాపీఠం ఉండేది. పీఠాధిపతి త్రివిక్రమశాస్త్రి పాఠాలన్నిటికీ అంకెలు వేయించాడు. మొదటి ఏటి పాఠాలు నూటొకటితో మొదలైతే, ఆఖరి ఏటివి నాలుగువందల ఒకటితో మొదలయ్యేవి.

పీఠానికి మూలికలు తెచ్చిపోసే పోలమ్మకు కషాయాలు కాచడం నేర్చుకోవాలని ఎన్నాళ్ల నుంచో ఆశ. ఒకరోజు ధైర్యం చేసి, "కషాయాల పాఠంలో నన్నూ కూర్చోనివ్వండి సామీ" అని అడిగేసింది.

శాస్త్రి నవ్వాడు. "అది నాలుగువందల ఒకటో పాఠం. ఆకులు గుర్తుపట్టే నూటొకటో పాఠం చదవనిదే అందులో ఎవరికీ చోటు లేదు."

"అయితే నూటొకటిలోనే కూర్చుంటాను."

"నాలుగేళ్లుగా అది జరగడం లేదు. అంత చిన్న అంకె పాఠం చెప్పడానికి ఏ పండితుడు ఒప్పుకుంటాడు?"

పోలమ్మ గుమ్మంలోంచి లోపలికి తొంగిచూసింది. "మరి లోపల కషాయాల పాఠంలో మందు నూరుతున్నవాళ్లంతా నూటొకటి ఎక్కడ చదివారు సామీ?"

శాస్త్రి నవ్వు ఆగిపోయింది. పోలమ్మ గంపలోంచి రెండు ఆకులు తీసి ఆయన ముందు పెట్టింది.

"వీటిలో ఒకటి దగ్గు తగ్గిస్తుంది, ఒకటి ప్రాణం తీస్తుంది. ఏది నూరమంటారు?"

శాస్త్రి చెయ్యి ఒక ఆకు దాకా వెళ్లింది, రెండో ఆకు దాకా వెళ్లింది, ఏదీ ముట్టకుండా వెనక్కి వచ్చింది.

మర్నాడు నూటొకటో పాఠం మొదలైంది. చెప్పేది పోలమ్మ. మందు నూరేవాళ్లంతా రోళ్లు వదిలి వచ్చారు. వాళ్లకంటే ముందే వచ్చి కూర్చున్నవాడు శాస్త్రి.