గోడ పాదాన కంతలు

గట్టుమీది పంతులుగారికి ఒక అలవాటు ఉండేది. ఎవరైనా ప్రశ్న అడిగితే వెంటనే జవాబు చెప్పేవారు కాదు. అడిగినవాడికి ఏదో ఒక పని అప్పగించేవారు. బావిలో పూడిక తీయమనేవారు, పక్క ఊళ్ళో జబ్బుపడ్డవాడికి తోడు వెళ్ళమనేవారు. పని ముగిసేసరికి సగంమంది తాము అడిగిన ప్రశ్నే మరిచిపోయేవారు. ఇంకొందరికి, ఆ ప్రశ్న అంత గొప్పదేమీ కాదని తెలిసివచ్చేది. గోదావరి ఏటిగట్టు మీద, కొబ్బరితోట చివర ఆయనవి నాలుగు పాకలు. వాటిని ఆశ్రమమని ఆయన ఎన్నడూ అనలేదు, వచ్చినవాళ్ళే అన్నారు.

అలా వచ్చినవాళ్ళలో సాంబమూర్తి ఒకడు. పట్నంలో కాలేజీలో లెక్కలు చెప్పేవాడు. చిన్మయి అని ఒక్కగానొక్క కూతురు. తొమ్మిదేళ్ళ పిల్ల. వానాకాలపు జ్వరం వచ్చి, చూస్తూ చూస్తూ ఉండగానే పోయింది. తల్లి వకుళ కంటికీ మంటికీ ఏకధారగా ఏడ్చింది. సాంబమూర్తి కంట తడి రాలేదు. చావింటికి వచ్చిన బంధువులు, మగవాడంటే అలా ఉండాలన్నారు. సెలవు పెట్టి ఈ గట్టు మీదికి వచ్చాక ఆ నిబ్బరానికి శ్లోకాలు కూడా తోడయ్యాయి. ఆత్మకు చావు లేదన్నాడు, ఎవరికెవరు అన్నాడు. కొత్తవాళ్ళు వస్తే ఆయన్ని చూపించి, అదీ వైరాగ్యమంటే, అని గుసగుసలాడుకునేవారు. పరాయివాడి వైరాగ్యాన్ని మెచ్చుకోవడానికి మనకి ఖర్చేముంది? రెండేళ్ళలో ఆయన నోట కూతురి పేరు ఒక్కసారి కూడా వినలేదెవరూ.

వకుళ మాత్రం నెలకొకసారి బస్సెక్కి వచ్చేది. వస్తూ క్యారియరు నిండా పాలతాలికలు చేసి తెచ్చేది. ఆ పిల్లకి అవంటే ప్రాణం. గట్టు మీద ఉన్నవాళ్ళందరికీ తనే వడ్డించేది, వడ్డిస్తూ ఏడ్చేది. భార్య తన దాకా వచ్చేసరికి సాంబమూర్తి విస్తరి మడిచి లేచిపోయేవాడు. కిందటిసారి ఆమె పడవల రేవు దాకా ఆయన వెంట నడిచి ఒక మాట చెప్పింది. "పాప గురించి మాట్లాడుకోవడానికి ఈ లోకంలో నాకున్నది మీరొక్కరే. మీరూ లేకపోతే నేనింత దూరం రావడమెందుకు? ఇంకొక్కసారి వస్తాను. అప్పుడూ ఇంతే అయితే మరి రాను."

ఆ మాట సాంబమూర్తికి ఎక్కడో గుచ్చుకుంది. గుచ్చుకున్నదని ఒప్పుకోవడం ఇష్టంలేక, దాన్ని ఒక ప్రశ్నగా మార్చి పంతులుగారి ముందు పెట్టాడు.

"గురువుగారూ, దుఃఖాన్ని లోపలికి రానివ్వకుండా ఉండడం నాకు అలవడింది. నా భార్యకి అలవడలేదు. ఆమెని ఈ స్థితికి తీసుకురావడం ఎలాగండీ?"

అప్పుడు శ్రావణమాసం. పెద్ద వరద వచ్చి తగ్గి ఎన్నాళ్ళో కాలేదు. పంతులుగారు ఏటికేసి చూస్తూ, "పార పట్టడం వచ్చా నాయనా?" అని అడిగారు. రాదన్నాడు సాంబమూర్తి. "పొద్దున్నే గోగులలంకకి వెళ్దాం. అక్కడ వస్తుందిలే."

గోగులలంక ఏటి నడుమ ఉన్న ఊరు. పెద్ద వరద వస్తే ఊళ్ళోకి నీరు రావడం అక్కడ వింత కాదు. అంతకుముందు ఒక వరదలో అక్కడి మట్టిళ్ళన్నీ బెల్లంముక్కల్లా కరిగిపోతే, సర్కారువాళ్ళు కొత్త ఇళ్ళు మంజూరు చేసి, ఎలా కట్టుకోవాలో చెప్పడానికి ఒక ఇంజినీరును పంపారు. పాత వరద చార కంటే మూరెడు ఎత్తున అరుగు లేపాలన్నాడు ఆయన. ఇంట్లో అటక ఉండాలి, దానికి నిచ్చెన ఉండాలి. ఇవి ఊరికి నచ్చాయి. మూడో షరతే ఎవరికీ మింగుడుపడలేదు. అరుగు కట్టిన పైన, గోడ పాదాన, ఎదురెదురుగా కంతలు వదలాలి. పురుగూ పుట్రా రాకుండా వాటికి జల్లెడ బిగించుకోవచ్చు గాని మూయకూడదు. అరుగుని మించి ఏరు వస్తే ఈ కంతలోంచి లోపలికి వచ్చి ఆ కంతలోంచి బయటికి పోవాలి. నీళ్ళు రాకుండా ఇల్లు కట్టమంటే నీళ్ళకి దారి వదలమంటాడేమిటని ఊరంతా నవ్వింది. అయినా ఇళ్ళు కావాలి గనక, వదిలారు.

పంతులుగారూ సాంబమూర్తీ పడవ దిగి మంగాయమ్మ ఇంటికి వెళ్ళారు. ఆమె నడివయసు విధవరాలు, పంతులుగారికి ఎప్పటినుంచో తెలుసు. ఇల్లు నిలబడే ఉంది గాని, గోడల మీద గుండెలెత్తున బురద చార. లోపల మోకాటిలోతు ఒండ్రు. మంగాయమ్మ చీర ఎగదోపుకుని తట్టలతో ఎత్తి పోస్తోంది.

"రండి రండి పంతులుగారండీ, కూచోమందామంటే చోటు లేదండి బాబూ," అంది. "ఆయ్, వచ్చిందండి ఏరు. అటక మీద మేముంటే, కింద సొంతింట్లో తిరిగినట్టు తిరిగింది. మా పెళ్ళినాటి బియ్యండబ్బా పట్టుకుపోయింది. ఇదిగో, ఇది పెట్టిపోయింది." బురద చూపించి నవ్వబోయి, కళ్ళు తుడుచుకుంది. తుడుచుకున్న చేతికున్న బురద చెంపకి అంటుకుంది.

పంతులుగారు పార అందుకున్నారు. సాంబమూర్తీ అందుకున్నాడు. నాలుగు తట్టలు మోసేసరికే ఆయనకి చేతులు బొబ్బలెక్కాయి. ఊపిరి తీసుకుందామని బయటికి వస్తే పక్కనే ఇటుకల గుట్ట కనిపించింది. గుట్ట మీద ఒక మనిషి, కుడిచేతికి కట్టు కట్టుకుని కూర్చున్నాడు. మంగాయమ్మకి మరిది, పేరు ఏడుకొండలు.

"పాత ఇల్లా?" అని అడిగాడు సాంబమూర్తి.

"పాతదేంటండీ? వదినదీ నాదీ ఒక్కసారే కట్టారు. ఒక్కడే మేస్త్రీ. ఇంకా చెప్పాలంటే నాదాంట్లోనే సిమెంటెక్కువ."

"మరి ఇదెందుకు పడింది?"

ఆ కథ అప్పటికే చాలామందికి చెప్పి ఉంటాడు. అయినా చెప్పడం అతనికి సులువు కాలేదు.

"గృహప్రవేశం నాడు మా బావమరిది అన్నాడండి, 'దొంగలకి శ్రమ లేకుండా కన్నాలు నువ్వే వేయించుకున్నావా బావా?' అని. భోజనాల బంతంతా నవ్వారు. నాకు తల కొట్టేసినట్టయిందండి. ఇంజినీరుగారు అప్పటికే చూసెళ్ళిపోయారు. మర్నాడే సిమెంటు పెట్టి మూయించేశాను. పైన సున్నం కొట్టించాక ఎక్కడున్నాయో నాకే ఆనవాలు తెలిసేది కాదు. మొన్న ఏరు అరుగు దాటిందండి. గడప దగ్గర ఇసకబస్తాలు పేర్చి, సందుల్లో బంకమట్టి మెత్తాను. బయట నడుంలోతొచ్చింది, గుండెల్లోతొచ్చింది. లోపల పొడి! ఏ మూలన్నా చెమ్మ కనపడితే గుడ్డెట్టి తుడిచేశాను. వదినింట్లో నీళ్ళు తిరుగుతున్నాయి. నేను కిటికీలోంచి కేకేసి అందరికీ చూపించానండి, చూడండి, నా ఇంట్లో చుక్క రాలేదు అని."

"భయం వేయలేదా?"

"లేదండి. గర్వంగా ఉందండి."

ఏడుకొండలు తనంతట తానే చెప్పుకుపోయాడు.

"మా రాజ్యం అంటానే ఉందండి. తలుపు తీసెయ్యండి, రానివ్వండి, వచ్చిందే పోతుంది అని. ఏడ్చింది, కాళ్ళట్టుకుంది. నేను విన్లేదు. పెరటి కిటికీలోంచి పిల్లల్ని పడవలోకి అందించి, తనూ దిగి, వదినగారి అటక మీదికి పోయింది. నేనుండిపోయాను. ఆ పొడినేల మీద మఠం వేసుక్కూచున్నానండి, ఒక్కణ్ణీ. బయట అంత నీళ్ళు తోస్తుంటే లోపల ఆనుకోడానికి గోడకి ఏముందండీ? ఏమీ లేదు. ముందు ఏరు రాలేదండి. గోడే వచ్చింది. దాని వెనకాల ఏరొచ్చింది."

అప్పుడే మంగాయమ్మ ఇంటి వెనకనుంచి అతని భార్య రాజ్యం అన్నం గిన్నె తీసుకుని వచ్చింది. గుట్ట మీదే అతని పక్కన కూర్చుని, కలిపి ముద్దలు చేసి నోటికి అందించింది. కుడిచెయ్యి విరిగిన మనిషి ఏం చేస్తాడు, పసిపిల్లాడిలా తిన్నాడు. అతను చెప్పిన మాటల్లో చివరివి ఆమె చెవిన పడినట్టున్నాయి. సాంబమూర్తి వైపు తిరిగి, "పొడిగా ఉందంటండి, పొడిగా! ఎవరుంటారండీ అంత పొడిలో, ఒక్కరూ?" అంది. కోపంగానే అంది గాని, కొంగుతో మొగుడి మూతి తుడిచింది.

పంతులుగారు గుమ్మంలో ఒండ్రు తీస్తున్నారు. వాళ్ళ వైపు తలైనా తిప్పలేదు. సాంబమూర్తి తిరిగి వచ్చి పార పట్టుకున్నాడు. గది మూల బురద తవ్వుతుంటే గోడ పాదాన చేయి పట్టేంత కంత బయటపడింది. జల్లెడకి గడ్డీ ఆకులూ చుట్టుకుని ఉన్నాయి. ఆయన కింద కూర్చుని వాటినన్నిటినీ వేళ్ళతో ఒక్కొక్కటే లాగేశాడు. అవతల ఎండ ఉంది. అది సన్నగా లోపలికి పడింది. చాలాసేపు అక్కడే కూర్చుండిపోయాడు. మంగాయమ్మ వచ్చి, "చాలండి, తక్కినదంతా నేను చేసుకుంటాను," అంటే గాని లేవలేదు.

గురుశిష్యులు తిరుగు పడవ ఎక్కారు. గట్టెక్కేసరికి కొబ్బరితోట నీడలో వకుళ కూర్చుని ఉంది, పక్కన క్యారియరు. చివరిసారి వచ్చినదని ఆమె ముఖమే చెబుతోంది. ఎప్పటిలాగే విస్తళ్ళు వేశారు. ఎప్పటిలాగే వడ్డిస్తూ వచ్చింది. ఈసారి ఏడవడం లేదు. చూస్తున్నవాళ్ళకి అందుకే భయం వేసింది. సాంబమూర్తి విస్తరి దగ్గర ఆగలేదు. ఎలాగూ లేచిపోతాడని దాటి వెళ్ళబోయింది.

"వకుళా," అన్నాడాయన. "నాకూ వెయ్యి."

వేసింది. సాంబమూర్తి బొబ్బలెక్కిన వేళ్ళతో ఒక తాలిక తీసి నోట్లో పెట్టుకున్నాడు. నమిలాడు, మింగలేకపోయాడు.

"చిన్మయికి... బెల్లం తక్కువయితే కోపమొచ్చేది," అన్నాడు.

అంతే. ఏడుపు వచ్చింది. పెద్దవాళ్ళు ఏడ్చే ఏడుపు కాదు అది. విస్తరి ముందు నుంచి ఒరిగిపోయి, నేల మీద చెయ్యి చరుస్తూ గొల్లుమన్నాడు. ఆయన వైరాగ్యాన్ని మెచ్చుకున్నవాళ్ళు ఎటు చూడాలో తెలియక తలలు దించుకున్నారు. ఒకరిద్దరికి కొంచెం చిన్నతనంగా కూడా అనిపించి ఉండాలి. వకుళ గరిటె కింద పెట్టి ఆయన పక్కన కూలబడింది. ఆయన తల ఒళ్ళోకి తీసుకుంది. బెల్లం సంగతి ఆయనకి గుర్తుందని ఆమెకి ఇన్నాళ్ళూ తెలియదు. ఆ పిల్ల అలిగినప్పుడు ఎలా మూతి ముడిచేదో, ఎవరు బతిమాలితే తినేదో, ఒకరి మాట ఒకరు అందుకుంటూ చెప్పుకున్నారు. చెప్పుకుంటూ ఏడ్చారు, ఒకసారి నవ్వారు కూడా. పంతులుగారు అందరినీ సైగ చేసి అక్కడినుంచి లేపేశారు.

ఆ రోజు చివరి బస్సుకి వకుళ వెళ్ళలేదు. పొద్దువాలే వేళ సాంబమూర్తి ఏటి ఒడ్డున కూర్చున్న పంతులుగారి దగ్గరికి వచ్చాడు. కళ్ళు వాచి ఉన్నాయి. మడమల మీద గోగులలంక బురద ఎండి ఇంకా అలాగే ఉంది. రెండేళ్ళుగా లేని బరువు ఒక్కరోజులో మీదపడిన మనిషిలా ఆయన పక్కన చతికిలబడ్డాడు.

"ఓర్చుకోలేకుండా ఉన్నాను గురువుగారూ," అన్నాడు. "ఇదెప్పటికి పోతుందండీ?"

పంతులుగారు ఆయన కాళ్ళకున్న బురద చూశారు. అవతల లంక వైపు చూశారు. మంగాయమ్మ ఇంటి ముందు ఎవరో తట్టతో ఎత్తి పోస్తున్నట్టు కదలిక కనిపిస్తోంది.

"మంగాయమ్మ ఇంకా కడుగుతూనే ఉంది నాయనా," అన్నారు. "కడుక్కోవడానికి ఆవిడకి ఇల్లుంది."